ఎవరి ముందు, ఎక్కడ, ఏ పనిలో

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే సైకాలజీ పిల్లలు తమను పరిచయం చేసుకునే తీరు చూస్తే నవ్వొస్తుంది. పేరు చెప్పీ చెప్పకముందే "నేను ఇంట్రావర్ట్‌ని మేడమ్" అంటారు, అదేదో రక్తం గ్రూపు అయినట్టు. ఎవరు తేల్చారమ్మా అని అడిగితే ఫోన్లో పరీక్ష రాశామంటారు. రేపు వీళ్ళే ఇంకొకరి స్వభావాన్ని తేల్చి కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు గదా అని తలుచుకుంటే ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది.

నా ఉద్యోగమంతా కలకత్తాలోనే, ఆ సంతకాలు పెట్టడంలోనే గడిచింది. మొదట ఒక ఆసుపత్రిలో, తర్వాత సాల్ట్ లేక్‌లో ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రంలో. నాన్న బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని కాకినాడ నుంచి ఇక్కడికి తెచ్చింది. ఆయన బదిలీ అయి వెళ్ళారు, నేను ఉండిపోయాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. అది చదివి మీరు చేసేదేమీ లేదు. ఈ పని అసలు ఏమిటో నాకు తెలియజెప్పిన ఒక పై అధికారి గురించీ ఒక అమ్మాయి గురించీ రాస్తాను. పేర్లు మార్చాను.

శిఖాది కొట్టేసిన మాట

ఆసుపత్రిలో నా పై అధికారి శిఖాది, అంటే శిఖక్క. బెంగాలీ ఆవిడ, సన్నగా, కటువుగా ఉండేది. చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. నా రిపోర్టు బాగుంటే మాట్లాడకుండా ఫైల్లో పెట్టేది. బాగోకపోతే మాత్రం వార్డంతా వినిపించేది.

చేరిన కొత్తలో లిలువా నుంచి ఒక రైల్వే వర్క్‌షాపు ఉద్యోగిని ఆయన భార్య తీసుకొచ్చింది. తెలుగువాళ్ళే. ఇంట్లో నోరు విప్పడం మానేశాడని, ఏదో జబ్బని ఆవిడ భయం. నా గదిలో కూడా ఆయన అవును, కాదు తప్ప మాట్లాడలేదు. నేను శ్రద్ధగా పరీక్షలన్నీ చేసి "ముభావి, కలుపుగోలుతనం తక్కువ" అని రాశాను.

శిఖాది ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టింది. "శోనో, ఇలా విను, ముభావి అంటే ఎవరి ముందు? ఎక్కడ? ఏ పనిలో ఉండగా?" అంది. అదంతా చూడలేదన్నాను. "అయితే వెళ్ళి చూసిరా" అంది.

వెళ్ళాను. వాళ్ళ వీధి చివర టీ కొట్టు దగ్గర చుట్టూ జనం, మధ్యలో ఈయన. మూడు భాషల్లో కబుర్లు చెబుతున్నాడు, వినేవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "ఇంట్లో బావమరిది మకాం పెట్టాడమ్మా. నోరు తెరిస్తే గొడవే. అందుకని మూసుకున్నాను" అన్నాడు. మందూ లేదు, మాకూ లేదు. బావమరిది వేరే గది చూసుకున్నాక ఇంట్లో కూడా మాట్లాడాడట.

అప్పటి నుంచి శిఖాది నాకు పెట్టిన నియమం ఇది. మనిషికి విశేషణం తగిలించే ముందు ఆ మూడు ప్రశ్నలకూ జవాబు రాయాలి. రాయలేకపోతే విశేషణం తీసేసి, చూసిన సంగతి మాత్రం రాయాలి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరినైనా "మొండిది" అనబోతే నా చెవిలో ఆవిడ గొంతు వినిపించి చిరాకేస్తుంది.

పరీక్షలు దండగ అనడం లేదు

ఇక్కడ ఒక మాట. స్వభావం అనేదే లేదని, అంతా సందర్భమేనని వాదించేవాళ్ళు ఉన్నారు. నేను ఆ జట్టులో లేను. ఒక మనిషి సులభంగా కంగారుపడతాడు, ఇంకొకడు పడడు. ఒకడి బల్ల ఎప్పుడూ సర్దే ఉంటుంది. ఒకడికి నలుగురి మధ్య ఊపొస్తుంది, ఇంకొకడికి అలసట వస్తుంది. ఈ తేడాలు నిజమైనవే, తొందరగా మారవు. అయితే ఇవి ఎక్కువ తక్కువలే తప్ప గదులు కావు. ఒక గదిలో పెట్టి తాళం వేయడానికి మనుషులు సామాన్లు కాదు.

దీని పైన ఇంకొకటి ఉంటుంది. నేను ఇలాంటిదాన్ని అని మనిషి తనకు తాను చెప్పుకునే మాట. అది పుట్టుకతో రాదు. అమ్మ "మెతకది" అంటుంది, మాస్టారు "చురుకైంది" అంటాడు, స్నేహితులు పేరు పెడతారు, ఇవన్నీ పోగుపడతాయి. పెద్దయ్యాక పోగుపడటం ఆగిపోతుందని పుస్తకం చదివినప్పుడు నేనూ అనుకున్నాను. ఆగదు. ముప్పై దాటిన మనిషి కూడా గట్టిగా చెప్పే గొంతు వింటే తన గురించి కొత్త మాట నమ్మేస్తాడు. ఇప్పుడు అన్నిటికన్నా గట్టి గొంతు పరీక్ష రిపోర్టుదే. కంపెనీ ముద్ర ఉంటుంది, రంగు రంగుల పటం ఉంటుంది, ఇక నమ్మకుండా ఎలా?

రత్నం విషయంలో జరిగింది ఇదే.

రత్నం

అసలు పేరు నూకరత్నం. ఆఫీసులో రత్నా. సాల్ట్ లేక్‌లోనే, సెక్టర్ ఫైవ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. తాత శ్రీకాకుళం దగ్గర తీరం నుంచి కలకత్తా రేవుకు కూలీగా వచ్చినవాడు. తండ్రిదీ రేవులోనే పని. ఖిదిర్‌పూర్ వైపు తెలుగువాళ్ళ సందులో ఇల్లు. ఆ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం మొదట వచ్చింది ఈ పిల్లకే.

కొన్ని నెలలుగా ఆమె చేత ఒక టీమ్‌ను తాత్కాలికంగా నడిపిస్తున్నారు. లీడ్‌గా ఖాయం చేసే ముందు కంపెనీ ఒక ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. ఆత్మవిశ్వాసం తక్కువ, చొరవ తక్కువ, ఆందోళన ఎక్కువ అని వచ్చింది. తక్కువ వచ్చినవాళ్ళను మా కేంద్రానికి పంపి రెండో అభిప్రాయం అడగడం వాళ్ళ పద్ధతి. నేను కూడా అదే రాస్తే ఆ పదవి వేరేవాళ్ళకు వెళ్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. ముందు ఇంగ్లీషులో మాట్లాడింది. నేను తెలుగన్నాక భుజాలు కాస్త దిగాయి.

"ఏటి మేడమ్, మీరు కూడా అదే రాసేస్తారేటి?"

"ఇంకా ఏమీ చూడలేదు. అప్పుడే ఏం రాస్తాను?"

"రాసినా పర్లేదులెండి. నేను అలాంటిదాన్నే అయ్యుంటాను. నాకే తెలీలేదు, అంతే."

ఆ మాటకు నాకు చురుక్కుమంది. పదవి పోతుందన్న దిగులు కంటే ఇది లోతైనది. ఇంకా అడిగితే మెల్లగా బయటికొచ్చింది. ఇదివరకు సందులో ఎవరికి ఏ అవసరమొచ్చినా ఆమెనే పిలిచేవారట. స్కూల్లో సీటు, ఆసుపత్రిలో మంచం, కౌన్సిలర్ దగ్గర విన్నపం. రిపోర్టు వచ్చాక అవన్నీ మానేసిందట. "నాలాంటిది మాట్లాడితే పని చెడుతాది కదా మేడమ్. ఇన్నాళ్ళూ ఏదో లక్కు మీద అయింది" అంది. వాళ్ళ నాన్న వెళ్ళమంటే, ఆ రిపోర్టు చూపించి, నువ్వే వెళ్ళు అందట.

వాళ్ళ అమ్మ ఎలాంటిదో చెప్పమన్నాను. ఆపకుండా చెప్పింది, తల్లి నడకతో సహా. టీమ్‌లో వాళ్ళ గురించి అడిగితే ఎవరికి ఏం చేతనవునో, ఎవరిని ఎప్పుడు కదిలించకూడదో పూసగుచ్చినట్టు చెప్పింది. మరి నువ్వో అన్నాను.

"పర్వాలేదు మేడమ్."

అంతే. ఎన్ని రకాలుగా అడిగినా ఆ ఒక్క మాటే. కావాలంటే తన తప్పుల గురించి ఎంతసేపైనా చెబుతుంది. కోపం వస్తుంది, మతిమరుపు ఉంది, ఇంగ్లీషు సరిగ్గా రాదు. మంచి మాట దగ్గరికి వచ్చేసరికి నోటికి తాళం.

శిఖాది మూడు ప్రశ్నలూ అలాగే మిగిలాయి. మీ ఇంటికి రావచ్చా అని అడిగాను. ఆశ్చర్యపోయి, మామ్మకు చెబుతానంది.

నీళ్ళ ట్యాంకరు

నేను వెళ్ళిన ఆదివారం ఉదయం ఆ వీధిలో పైపు పగిలి కుళాయిలు రావడం లేదు. కార్పొరేషన్ ట్యాంకరు వచ్చి నిలబడింది. ఒక పక్క తెలుగువాళ్ళ సందు, ఎదుట బిహారీలూ బెంగాలీలూ ఉండే సందు. బకెట్లు, బిందెలు, డబ్బాలు, అరుపులు. ఎవరు ముందో తేలక గొట్టాన్ని ఇద్దరాడవాళ్ళు చెరో పక్కకు లాగుతున్నారు, నీళ్ళు నేల పాలవుతున్నాయి. డ్రైవరు విసుగెత్తి, ఇలాగైతే వెళ్ళిపోతానని ఇంజను స్టార్ట్ చేశాడు.

రత్నం గడప మీద ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. పక్కనే వాళ్ళ మామ్మ అప్పలమ్మ, ముగ్గుబుట్ట లాంటి తల, గట్టి గొంతు.

"కూకున్నావేటే గుంటా? లెగు! ఆడు ఎలిపోతన్నాడు!"

"నా వల్ల కాదే మామ్మా. పరీక్షలో వచ్చింది కదా."

"నీ పరీచ్చ తగలెయ్య! నీలెవడు తెత్తాడే?"

నేను పక్కన వెదురు మోడా మీద కూర్చున్నాను. ఏమీ అనలేదు. అనకూడదు కూడా. మనం చూడటానికి వెళ్ళాం, తోయడానికి కాదు. కానీ నిజం చెప్పాలంటే ఆ పిల్ల ఇప్పుడు లేవకపోతే ఇక ఎప్పటికీ లేవదేమో అనిపించింది.

అంతలో ఎదుటి సందు నుంచి చంటిపిల్లను ఎత్తుకుని ఒక బాలింత చిన్న గిన్నెతో వచ్చింది. ఎవరిదో మోచెయ్యి తగిలి గిన్నె ఎగిరి పడింది. రత్నం ఫోన్ మామ్మ ఒళ్ళో పడేసి లేచింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నేరుగా డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళి, "దాదా, ఏక్‌టూ దాఁడాన్" అంది, చుట్టాన్ని టీకి ఆగమన్నట్టు. ఇంజను ఆగింది. వెనక్కి వచ్చి గొట్టం పట్టుకున్న ఇద్దరిలో ఒకామెను హిందీలో, "భాభీ, ఇంట్లో తాగడానికి ఉన్నాయా?" అని అడిగింది. రెండో ఆమెను అదే మాట తెలుగులో అడిగింది. ఆ తర్వాత వరసలో ఒక్కొక్కరినీ అదే ప్రశ్న. బట్టలకో, స్నానానికో వచ్చినవాళ్ళు జవాబు చెప్పలేక వాళ్ళంతట వాళ్ళే పక్కకు జరిగారు. ముందు చంటిపిల్లలూ రోగులూ ఉన్న ఇళ్ళు, తర్వాత తాగే బిందెలు, ఒకటి ఈ సందుది, ఒకటి ఆ సందుది. గొడవకు తావే లేకుండా పోయింది. బాలింత గిన్నెకు బదులు రత్నం తమ ఇంటి బిందె నింపి ఆమె గుమ్మం దాకా మోసింది.

ఇందులో మీరు గమనించవలసింది ఒకటుంది. పరీక్ష పూర్తిగా తప్పు చెప్పలేదు. రత్నం మాటకారి కాదు, నలుగురిలోకి ఉరికే మనిషీ కాదు. తిరిగి వచ్చి కూర్చున్నాక, ఎవరికైనా కోపం వచ్చిందేమోనని మామ్మను రెండుసార్లు అడిగింది. ఆందోళన నిజమే. కానీ ఆందోళనపడే మనిషి, తక్కువ మాట్లాడే మనిషి, ఆ వీధిని నడిపించింది. మాట తక్కువైతే చొరవ తక్కువని ఆ పరీక్ష తయారుచేసినవాళ్ళూ, చదివినవాళ్ళూ అనుకున్నారు. తప్పు అక్కడ ఉంది.

మామ్మ మెటికలు

నాకు సంతోషం ఆగలేదు. వృత్తి మర్యాద కూడా మరిచిపోయి, "మీ మనవరాలు ఎంత గట్టిదమ్మా!" అనేశాను.

అప్పలమ్మ ముఖం మారిపోయింది. గబుక్కున వంగి రత్నం బుగ్గల చుట్టూ చేతులు తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. "అలగనకమ్మా! అలగనకూడదు. దిష్టి తగుల్తాది. మన నోట మనం సెప్పుకోకూడదు, ఇంకోలు సెప్పినా ఇనకూడదు" అంది నన్ను కోప్పడుతూ.

రత్నం నవ్వలేదు. పాత అలవాటు కొద్దీ తల వంచి, మెటికలు విరిచేదాకా బుద్ధిగా కూర్చుంది. అప్పుడు నాకు తట్టింది.

"రత్నం, ఆ ఆన్‌లైన్ పరీక్షలో, చేపట్టిన పని సమయానికి పూర్తి చేస్తాను అనే మాట వచ్చి ఉంటుంది. దానికి ఏం పెట్టావు?"

"మధ్య గడిలో పెట్టాను, అటూ ఇటూ కాకుండా."

"ఎప్పుడైనా ఆలస్యం చేశావా?"

"లేదు. కానీ అవునని పెడితే రేపే ఏదో చెడుతాది కదా మేడమ్."

"జనం నా మాట వింటారు అన్నదానికి?"

"అది కూడా మధ్యలోనే. అది మరీ పొగరు కదా."

"నాకు తొందరగా కంగారు వస్తుంది అన్నదానికి?"

"పూర్తిగా అవునని. అది నిజమే కదా, చెప్పొచ్చు."

"మంచివాటికి మధ్యలో పెట్టమని నీకెవరు చెప్పారు?"

ఆలోచించింది. "ఎవరూ చెప్పలేదు. అలాగే పెట్టాలి కదా?" అంది నన్నే అడుగుతున్నట్టు.

లోపాలన్నీ ఉన్నదున్నట్టు ఒప్పుకుంది, మంచినంతా మధ్య గడిలో దాచింది. యంత్రం రెండూ కలిపి, ఈ మనిషికి తన మీద తనకు నమ్మకం లేదని తేల్చింది. ఎవరి ముందు, ఎక్కడ అని యంత్రం అడగదు కదా. కానీ రత్నం మాత్రం ఆ తెర ముందు ఒంటరిగా లేదు. పక్కన మామ్మ ఉంది, దిష్టి పెట్టే లోకమంతా ఉంది.

ఈ సంగతి విడమరిచి చెప్పగానే రత్నం అడిగిన మొదటి మాట, "అయితే మళ్ళీ రాసి, అన్నిటికీ అవునని పెట్టేయనా?" అని. వద్దన్నాను. అది ఇంకో అబద్ధం, పైగా ఆమెకు నిద్ర పట్టదు. "నీ మీద నువ్వు విశేషణాలేం వేసుకోకు. ఏం చేశావో చెప్పు. చేసింది చెబితే పొగడ్త కాదు" అన్నాను. మామ్మ వైపు చూసింది. అప్పలమ్మ కాసేపు ఆలోచించి, "జరిగింది సెప్తే దిష్టేటి? సెప్పుకోవచ్చు" అంది. నా సలహా కంటే ఆ అనుమతే పనిచేసిందని నా నమ్మకం.

స్కోరు ఎక్కడ?

నా రిపోర్టులో ఒక్క విశేషణం లేదు. ట్యాంకరు దగ్గర జరిగినదీ, టీమ్ గురించి ఆమె చెప్పినదీ, పరీక్ష ఎలా రాసిందీ, ఎందుకలా రాసిందీ, అవే రాశాను. ఆమె ఒప్పుకున్నాకే పంపాను. మర్నాడే కంపెనీ నుంచి సౌమిక్ అనే మేనేజరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు.

"మేడమ్, చదవడానికి చాలా బాగుంది. కానీ స్కోరు ఎక్కడ?"

"స్కోరు మీ దగ్గరే ఉంది. దాన్ని నేను మార్చను."

"ఈ పోస్టుకు క్లయింట్‌తో మాట్లాడాలి. ధైర్యంగా కనిపించాలి."

"కొన్ని నెలలుగా ఆ పని చేస్తున్నది ఎవరు?"

"తనే."

"మరి ఎలా చేసిందో చూశారా?"

చూడలేదు. కళ్ళ ముందు మనిషి పని చేస్తుంటే దాన్ని వదిలేసి, ఈ మనిషి పని చేయగలదా అని కాగితాన్ని అడిగారు. తెలివితక్కువ అని రాయబోయి శిఖాదికి భయపడి మానేశాను. కాగితాన్ని అడగడం సులువు, అంతే.

సౌమిక్ మాత్రం వెళ్ళి చూశాడు. క్లయింట్ ఫోన్ చేసినప్పుడల్లా రత్నాకే ఇవ్వమంటున్నారని తెలిసింది. ఆ తర్వాత ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అన్నారట. "మా ఇంట్లో నా గురించి నేను చెప్పుకోకూడదు సర్. చేసింది చెబుతాను" అని, పోయిన నెల పని ఎక్కడ ఆగిందో, ఎలా కదిలించిందో చెప్పిందట. పోస్టు ఇచ్చారు. నాకు అంతకంటే ఎక్కువ సంతోషం కలిగించింది ఇంకొకటి. ఆ వారమే వాళ్ళ నాన్నతో కలిసి కౌన్సిలర్ దగ్గరికి పైపు సంగతి అడగడానికి వెళ్ళింది.

చివరగా

కొన్నాళ్ళకు రత్నం, అప్పలమ్మ మా కేంద్రానికి వచ్చారు. మిఠాయి డబ్బా రత్నం చేతిలో ఉంది. అప్పలమ్మ చేతిలో చిన్న పొట్లం. విప్పితే ఉప్పు.

"కూకో అమ్మా. కదలకు" అంది.

"నాకెందుకమ్మా?"

"మా గుంట గురించి అంత మంచి రాసినావు. రాసిన సెయ్యికి కూడా తగుల్తాది."

నా గదిలో, గోడకు నా డిగ్రీలు వేలాడుతుండగా, ఆవిడ నా చుట్టూ గుప్పెడు ఉప్పు తిప్పి వాష్‌బేసిన్‌లో కలిపేసింది. నేను కదలకుండా కూర్చున్నాను. దిష్టిని నమ్ముతానా అంటే నమ్మను. లేచి వెళ్ళాలనిపించిందా అంటే అదీ లేదు. నన్ను ఎవరైనా అలా చూసుకుని ఎన్నేళ్ళయిందో అనుకున్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది అప్పలమ్మ. నన్ను పరీక్షగా చూసింది.

"అందరూ ఎలాటోలో సెప్తావు కదా. మరి నువ్వెలాటిదానివమ్మా?"

రత్నం కూడా తల ఎత్తి చూసింది. ఆ ప్రశ్న జీవితమంతా ఇతరులను అడిగినదాన్ని. జవాబు చెప్పకుండా తప్పించుకునేవాళ్ళను పట్టుకోవడమే నా వృత్తి. నోరు తెరిచాను.

"పర్వాలేదమ్మా" అన్నాను.